చిన్నవాడి కాగితం

ఇన్సూరెన్సు వాళ్ల ఉత్తరం చదివి వర్జిల్ ఇంతెత్తున లేచాడు.

పదిహేనేళ్ల కూతురు మారెన్‌కు బడి వైద్యశాలలో తట్టు టీకా వేశారట. తండ్రికి మాటమాత్రం చెప్పకుండా!

అమెరికాలోని ఆ ఒరెగాన్ రాష్ట్రంలో ఆ వయసు పిల్లలు తమ టీకాకు తామే ఒప్పుకోవచ్చు. అది వర్జిల్‌కు తెలుసు. కానీ టీకాలంటేనే నమ్మకం లేని, భార్య పోయాక పిల్లలే లోకంగా బతుకుతున్న మనిషికి చట్టం ఎక్కడ కనిపిస్తుంది?

కలప మిల్లు బూట్లతోనే బడికి వెళ్లాడు. నర్సు హెల్గా ఆ ఊరికి కొత్త.

"నా బిడ్డకు సూది వెయ్యడానికి నువ్వెవరు?"

"మీ అమ్మాయే అడిగింది. మీతో మాట్లాడమని రెండుసార్లు ఇంటికి పంపాను. మూడోసారీ వచ్చింది."

"మాయమాటలు చెప్పుంటావ్!"

"నన్ను తిట్టండి, పడతాను. కానీ మీ డెల్‌కు ఎనిమిదేళ్లే. వాడికి మీ సంతకం కావాలి." హెల్గా కాగితం ముందుకు జరిపింది. "తమ్ముడికీ వెయ్యమని మారెన్ బతిమాలింది. మీరు ఒప్పుకోందే నేను వెయ్యలేను."

వర్జిల్ ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

అక్కడితో ఊరుకున్నాడా? పదిమందిని కూడగట్టి బడి బోర్డు మీటింగులో రచ్చ చేశాడు. నెల తిరక్కుండా హెల్గాను సాగనంపారు. మిల్లులో అందరూ వర్జిల్ భుజం తట్టారు.

మార్చిలో ఊళ్లోకి తట్టు వచ్చింది.

డెల్‌కు జ్వరం పట్టుకుంది. ఆపైన న్యుమోనియా. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. మారెన్‌కు ఏమీ కాలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని చివరిదాకా కూర్చుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ కాగితం కోసం వర్జిల్ ఎంత ఏడ్చాడో ఆ ఇంటి గోడలకే తెలుసు.

డెల్‌ను సమాధి చేసిన రోజు అందరికంటే వెనక హెల్గా నిలబడింది. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

"నేను చెప్పలేదా అని చూసి పోవడానికొచ్చిందా?" వర్జిల్ మారెన్‌ను అడిగాడు.

"అలా అనకు నాన్నా. టీకా వేసే ముందు తన సంగతి నాకు చెప్పింది. మా నాన్నకూ చెప్పండి, ఒప్పుకుంటాడన్నాను."

"మరి చెప్పలేదేం?"

"చచ్చిన బిడ్డను చూపించి బతికున్న బిడ్డల తండ్రిని బెదిరించలేనంది."

వర్జిల్‌కు అర్థం కాలేదు.

"వాళ్ల బాబుదీ డెల్ వయసే, నాన్నా. టీకా వద్దని రాసిచ్చింది ఆవిడే. వాడు తట్టుతో పోయాకే నర్సు చదువులో చేరింది."