కాజా తినే పన్ను

నా నోట్లో ముప్ఫై ఒక్క పళ్ళు దవడ ఎముకలో మరలేసి బిగించిన ఇంప్లాంట్లే. నేనేం నమిలినా అవి మా ఆవిడ ప్రత్యూష ఫోనుకు చెప్పేస్తాయి. ఆవిడ పళ్ళు నా ఫోనుకు చెబుతాయి. ఇద్దరికీ షుగరు మరి.

పుట్టుపన్ను ఒక్కటే మిగిలింది, ఎడమ దవడలో చిట్టచివరిది. పాపం, దానికి చాడీలు చెప్పడం రాదు. మూడేళ్ళుగా కాజాలన్నీ దానితోనే నమిలాను. ఇంత ఉపాయం నా ఒక్కడికే తట్టిందని మీసం కూడా దువ్వుకున్నాను.

చివరికి అది పుచ్చింది. దాన్ని పీకి, అక్కడా ఇంప్లాంటు బిగించాక డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది.

"ఈ పుచ్చు చూస్తే రోజూ స్వీటు తిన్నట్టుంది మాస్టారూ. మీ పళ్ళు పంపిన రిపోర్టులో మూడేళ్ళుగా ఒక్కటీ లేదే!"

నేను పైకప్పు వైపు చూశాను. పక్కనే కూర్చున్న ప్రత్యూష బిల్లు కట్టడానికి లేచింది.

ఇంటికొస్తూ దారిలో ఆవిడే కారాపించి కాజాలు కొంది.

"నాకేనా?" అన్నాను ఆశగా.

"మీకెక్కడివండీ? మీవన్నీ ఇప్పుడు చెప్పేస్తాయిగా," అంటూ ఒక కాజా కుడి బుగ్గన పెట్టుకుంది. "నాకింకా ఒకటుంది లెండి."

పాకం కారేలా నమిలింది. జేబులో నా ఫోను కిక్కురుమనలేదు.