ఖాళీ గడి

టైలరు కుట్టుమిషను ఆపి కిటికీలోంచి మళ్ళీ చూశాడు.

ఎండ వాలుతోంది. ఆ మనిషి ఇంకా మెట్టు మీదే ఉన్నాడు.

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు పక్కన విడిచి, తన పిక్కల్ని తనే రెప్పవేయకుండా చూసుకుంటున్నాడు. చేతిలో సన్నటి గాజుగొట్టం.

టేపు అక్కర్లేకుండా కంటితోనే మనుషుల్ని కొలిచేస్తానని టైలరుకు గొప్ప. ఈ శాల్తీనీ కొలిచేశాడు. దొంగ. కాకపోతే అంతకంటే పనికిమాలినవాడు.

లోపల గదిలో కూతురు పడుకుని ఉంది. నెలలు నిండుతున్నాయి. రెండుసార్లు కడుపు పోయాక నిలిచిన బిడ్డ. అందుకే టైలరుకు ఈ మధ్య పోస్టుమాన్ మీద కూడా అనుమానమే.

బయటికొచ్చాడు.

"ఎవరయ్యా నువ్వు? మా మెట్ల మీద ఏం పని?"

"దోమల్ని పడుతున్నానండి. కాలి మీద వాలగానే గొట్టంలోకి లాగేస్తాను."

"ఎందుకు, పెంచుకుంటావా?"

అతను నవ్వాడు. "ఎక్కడ ఎన్ని వాలుతున్నాయో కంప్యూటర్‌కి చెబితే, ఇకముందు ఎక్కడ ముసురుతాయో అది లెక్కగట్టి చెబుతుందండి. ఆ వీధికి ముందు మందు కొట్టిస్తాం. వానలు వెలిశాయి కదా, ఇక జ్వరాలే."

"దోమలకు జనాభా లెక్కలా? ఓటు కూడా ఇప్పిస్తావా?"

ఈలోగా నలుగురూ పోగయ్యారు. పక్కింటావిడ అసలు గుట్టు కనిపెట్టేసింది.

"పట్టడం కాదన్నయ్యా, వదులుతున్నాడు. ఆ గొట్టంలో చూడు ఎలా ఎగురుతున్నాయో. మొన్న ఇలాంటివాణ్ణే తరిమాం, ఇవాళ ఇంకొకడు."

"నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా నీకు?" అంటూ టైలరు గొట్టం లాక్కుని మెట్టుకేసి కొట్టాడు.

అతను పిల్లలు తొక్కుతారని గాజుముక్కలు ఏరి జేబురుమాల్లో మూటగట్టుకున్నాడు.

"ఒక్క సాయంత్రం కూర్చోనివ్వండి సార్. లేదంటే మా పటంలో మీ వీధి గడి ఖాళీగా ఉండిపోతుంది. ఖాళీగా ఉంటే ఇక్కడ దోమల్లేవనుకుంటుంది కంప్యూటర్."

"అనుకోనీ, మంచిపేరే కదా. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంది నాకు. మళ్ళీ ఇటు వచ్చావో, ఆ కాళ్ళు విరగ్గొడతాను."

అతను పిక్క గోక్కుని, ప్యాంటు దించుకుని వెళ్ళిపోయాడు. ఆ గోక్కోవడం కూడా టైలరుకు నచ్చలేదు.

జ్వరాలు రానే వచ్చాయి.

మందు కొట్టే బండి వెనక వీధికి వచ్చింది. పక్క వీధికి వచ్చింది. వీళ్ళ వీధి మొగలోంచి బుర్రుమంటూ పోయింది.

"ఇప్పుడు జ్వరం తగిలితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండమే" అంది డాక్టరమ్మ.

టైలరు మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయి, కొట్లాటకు సిద్ధపడే దోమల ఆఫీసుకు వెళ్ళాడు.

కంప్యూటర్ ముందున్న అమ్మాయి వీధి పేరు వినగానే తలెత్తింది.

"మీ గడి ఇవాళే ఎర్రబడిందండి. రేపు పొద్దున్నే బండి ముందు మీకే."

"ఇన్నాళ్ళూ లేని దోమలు ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?"

"మీ వీధి లెక్కే మా దగ్గర లేదు కదా. ఇప్పుడు ఒక జ్వరం కేసు రాశాం. దాన్ని పట్టుకుని మిగతాది అదే లెక్కగట్టింది."

టైలరుకు మళ్ళీ అనుమానం పుట్టింది.

"మా వీధిలో ఎవరికీ జ్వరం లేదమ్మా. ఇల్లిల్లూ నాకు తెలుసు. ఎవడో మాకు చెడ్డపేరు తేవడానికి దొంగ అడ్రసు రాయించాడు. ఎవడు వాడు?"

అమ్మాయి కుర్చీ అతనివైపు తిప్పింది.

"దొంగ అడ్రసు కాదండి. ఎక్కడ కుట్టి ఉంటాయని ఆస్పత్రిలో అడిగితే, ప్యాంటు మడిచి కూర్చున్నది ఆ టైలరుగారి మెట్టు మీదేనన్నారట. స్పృహ తప్పేముందు నాకు ఫోన్ చేశారు, ఆ గడి నింపమని."

టైలరుకు సిగ్గు, భయం ఒకేసారి ముంచుకొచ్చాయి. టేపు కొస చేతిలో నలుపుతూ నిలబడిపోయాడు.

"ఆయన్ని ఒకసారి చూడాలమ్మా."

"పొద్దున పోయారండి" అంది ఆ అమ్మాయి. "మొదట వచ్చిన మా కుర్రాణ్ణి మీ వీధివాళ్ళు తరిమేశాక, మావాళ్ళెవరూ ఆ వీధికి వెళ్ళడానికి ఒప్పుకోకపోతే, ఈ లెక్కంతా కనిపెట్టిన మా పెద్దసారే గొట్టం పట్టుకుని బయల్దేరారు."