బొట్టు పెట్టి చేర్చుకున్న పాఠకులు

బ్లాగుకి వెయ్యిమంది చందాదారులు లేని ఇల్లాలికి వీధిలో పరువు లేని కాలమది. హైమవతి పేరంటానికి పిలిచినట్టు గడపగడపకీ వెళ్లి, బొట్టు పెట్టి, వెయ్యి ఈమెయిళ్లు రాబట్టింది. ఈమెయిల్లో వచ్చిపడే బ్లాగు రాతలు చదివి జవాబివ్వడానికి ఇంటింటా ఒక మిషనుంది, ఆమెకీ ఉంది.

ఒకరోజు బ్లాగులో వంటల సంగతి మాని, మొగుడు కొడుతున్నాడని రాసింది. నిమిషంలో వెయ్యి జవాబులొచ్చాయి: "చాలా బాగుందండీ!"

ఒళ్లు మండి ఎదురింటి రాజ్యం తలుపు బాదింది.

"నా గోడు నువ్వైనా చదివి చావకూడదుటే?"

రాజ్యం ఆమె కమిలిన చెంప వంక చూసింది గానీ, లోపలికి రమ్మనలేదు.

"మా అమ్మ పోయిందని కిందటి నెల నేనూ రాశాను వదినా. చాలా బాగుందన్నావు."