వెర్నమ్మ పెంపకం

"అంటే మర్యాదలన్నీ వచ్చేశాయన్నమాట. ఇంకేం, మా ఇంటికి వచ్చెయ్," అంది ఫోన్లో కూతురు మార్లా.

వెర్నా నాలుక కరుచుకుంది. పావుగంట నుంచి గొప్పలు పోతోంది మరి. తను వస్తే అరవై ఇద్దరు కుర్రాళ్ళూ లేచి నిలబడతారంది. టోపీలు తీసేస్తారంది. ఒకడు చెయ్యందించి కుర్చీ దాకా తీసుకెళతాడంది. తను ఫోర్కు ఎత్తందే ఒక్కడూ తిండి ముట్టడంది. మూడు నెలల కిందట కాలేజీ కుర్రాళ్ళు సంఘంగా కలిసి ఉండే ఈ ఫ్రెటర్నిటీ ఇంట్లో, వాళ్ళ మంచీ చెడూ చూసే హౌస్ మదర్‌గా చేరింది. తన ఇల్లు ఖాళీ చేసి రెండు పెట్టెలతో ఇక్కడికి మారుతూ కూతురికి ఒక మాట కూడా ఇచ్చింది. వాళ్ళకి మనుషుల్లా భోంచెయ్యడం నేర్పి వచ్చేస్తాననీ, దానికెన్నాళ్ళు పడుతుందనీ.

అరవై మూడేళ్ళొచ్చాయి, తన గొయ్యి తనే ఇంత శ్రద్ధగా తవ్వుకునేది తనొక్కతే అనుకుంది వెర్నా.

"ఇంకా కాస్త మిగిలిందే," అంది.

"ఏం మిగిలింది?"

ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. "సూపు," అంది చివరికి.

"జుర్రుతారా?"

"అప్పుడప్పుడు."

"సోమవారం నేనే వచ్చి చూస్తాను. కారు వెనక సీట్లు మడిచేసి వస్తా. పెట్టెలు సర్దుకో. నీ గదికి కర్టెన్లు కూడా కుట్టించాను."

కర్టెన్ల మాట వినగానే వెర్నాకి ఏడుపొచ్చింది. అంత ప్రేమగా కర్టెన్లు కుట్టించిన పిల్లతో, నీ ఇంట్లో కన్నా ఈ పరాయి పిల్లల గోలలోనే నాకు బాగుందని ఏ నోటితో చెప్పడం? ఫోను పెట్టేసింది. చెవులు సరిగా వినపడక ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడుతుంది. పక్కన కూర్చుని నాప్‌కిన్లు మడతపెడుతున్న గ్రేడీ, ఆ ఇంటి కుర్రాళ్ళకి నాయకుడు, తలెత్తకుండా మడతలు పెడుతూనే ఉన్నాడు.

సోమవారం అంటే ఆ ఇంట్లో అందరూ కోటూ టైలతో భోజనానికి కూర్చునే రోజు. సాయంత్రం అయిదున్నరకి మార్లా దిగింది. వెర్నా మంచి గౌను, ముత్యాల దండ వేసుకుని తన గది గుమ్మంలో నిలబడింది, చెయ్యందించడానికి ఎవడో ఒకడు వస్తాడని. ఎవడూ రాలేదు. తల్లీకూతుళ్ళు వాళ్ళంతట వాళ్ళే నడిచి వెళ్ళారు.

భోజనాల గదిలో ఒక్కడూ లేవలేదు. తలల మీద టోపీలు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఒకడు రొట్టె విసిరాడు, ఆ చివర ఇంకొకడు బంతిలా పట్టుకున్నాడు.

"ఒరేయ్ టకర్, లేవరా," అంది వెర్నా పళ్ళు బిగించి.

"ఎందుకు వెర్నమ్మా, నా కింద ఏమైనా ఉందా?" అన్నాడు టకర్, రెండు మోచేతులూ బల్లమీద పరిచి.

వెర్నా తన కుర్చీ తనే లాక్కుని కూర్చుంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూతురి వైపు చూడలేక, ఏం చెయ్యాలో తోచక, ఫోర్కు ఎత్తి ఒక చిక్కుడుకాయ గుచ్చింది. అంతే, చేతులన్నీ వేయించిన కోడి మీద పడ్డాయి. వేళ్ళు నాకారు. గ్రేవీ గిన్నెలోనే రొట్టెలు ముంచారు. టకర్ ఒక త్రేన్పు తీశాడు, అది వంటింటి దాకా వినిపించింది.

"ఇదేనా నువ్వు నేర్పింది?" అంది మార్లా మెల్లిగా.

"మూడు నెలలు కష్టపడ్డానే. నేను రాకముందు ఎలా ఉండేవాళ్ళో ఊహించుకో."

భోజనం అయ్యాక మార్లా కారు దగ్గర ఆగి, మడిచిన వెనక సీట్ల వైపు కాసేపు చూసింది.

"వీళ్ళనిలా వదిలేసి నిన్ను తీసుకుపోతే పాపం తగులుతుందమ్మా. రేపు వీళ్ళని చేసుకోబోయే అమ్మాయిల ఉసురు నాకెందుకు? నువ్విక్కడే ఉండు."

తల్లిని గట్టిగా కౌగలించుకుని వెళ్ళిపోయింది.

ఉండమన్నందుకు సంతోషించాలో, పరువు పోయినందుకు ఏడవాలో వెర్నాకి తెలియలేదు. ముందు ఆ టకర్ చెవి మెలిపెడదామని విసవిసా లోపలికి నడిచింది. తలుపు తియ్యగానే అరవై రెండు కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగాయి. అందరూ నిలబడ్డారు. తలల మీద టోపీలు లేవు. గ్రేడీ వచ్చి చెయ్యందించాడు.

"క్షమించండి వెర్నమ్మా. ఆ రోజు ఫోన్లో మాటలు నా చెవిన పడ్డాయి. రెండు రోజులు ప్రాక్టీసు చేశాం. ఈ టకర్‌కి త్రేన్పు రాకపోతే మూడు సీసాల సోడా తాగించాం."

"వెధవల్లారా," అంది వెర్నా. నాప్‌కిన్ తీసుకుని కళ్ళు తుడుచుకుంది.

గ్రేడీ కుర్చీ లాగితే కూర్చుంది. మార్లా ఇట్టే నమ్మేసింది, పిచ్చిపిల్ల. తెలివి మొత్తం నా పోలికే అనుకుని నవ్వుకుంది. అంతలో ఫోన్లో మెసేజి వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"అమ్మా, కర్టెన్లు అక్కడికే పంపిస్తున్నాను, నీ గదికి కట్టుకో. కుర్రాళ్ళు బాగా నటించారని చెప్పు. కానీ నువ్వు ఫోర్కు ఎత్తేదాకా ఒక్కడూ తిండి ముట్టలేదు. మన ఇంట్లో నీ కోసం అలా ఎవరం ఆగాం?"