గోడ లోపల చోటు

"పుట్టింది ఇక్కడ కాదు. ఇంక మాటల్లేవు," అంటూ ఫెస్టస్ టీ కప్పు ఠక్కున బల్లమీద పెట్టాడు. సమాధుల తోట కమిటీకి ఇరవయ్యేళ్లుగా అతనే పెద్ద. అతని బుర్రలో ఒక రూలు దూరిందంటే ట్రాక్టర్ కట్టి లాగినా బయటికి రాదు.

అట్రాక్టా కదల్లేదు. ఒళ్లో ఉన్న ఎముకల పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"ఎక్కడ పుడితేనేం? మనూళ్లో బతికింది, మనూళ్లోనే పోయింది."

"నువ్వేగా చెప్పావు! పళ్లు పరీక్ష చేశారట, చిన్నప్పుడు తాగిన నీళ్లు ఈ దేశానివి కావట. ఎక్కడినుంచో పడవెక్కి వచ్చింది. బాప్టిజం లేదు. కనీసం పేరన్నా తెలుసా?"

"తెలీదు. చంకలో పసిగుడ్డుతో పోయింది. అది తెలుసు."

కమిటీలో అందరికన్నా ముసలి రైతు మర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"పాపం, ఇన్నాళ్లూ మా పొలం గట్టునే పడుంది. ఒక్కరి జోలికీ రాలేదు. రోడ్డు వేసేవాళ్లొచ్చి ఖాళీ చేయించారు గానీ."

"జాలి వేరు, రూలు వేరు మర్ట్! సమాధుల తోట గోడ లోపల చోటు ఈ ఊరివాళ్లకే. గాలికి కొట్టుకొచ్చినవాళ్లు ఎన్నాళ్లున్నా గాలికి కొట్టుకొచ్చినవాళ్లే. అట్రాక్టా సంగతే చూడు..." అంటూ ఫెస్టస్ నాలిక్కరుచుకున్నాడు.

అట్రాక్టా పక్క జిల్లానుంచి కోడలిగా వచ్చి ముప్పై ఎనిమిదేళ్లయినా, గాలికి కొట్టుకొచ్చిందన్న పేరు ఊరు ఆమెకు తీసెయ్యలేదు. పోయిన మొగుడి పుణ్యమా అని తోటలో ఆయన పక్కన చోటు మాత్రం ఇచ్చారు. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"నా సంగతే చూస్తున్నా. మా ఆయన పక్కన నా చోటు ఆమెకిస్తున్నా. రాసుకో."

"మరి నువ్వో?"

"గోడవతల పడుకుంటా. గాలికి కొట్టుకొచ్చినదాన్నేగా! రేపు పొద్దున్నే పార పట్టుకొస్తా. దమ్ముంటే అడ్డం నిలబడు."

"రెండో పార నేను తెస్తా," అన్నాడు మర్ట్.

ఫెస్టస్ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు. అట్రాక్టా వదల్లేదు.

"ఒక్కమాట చెప్పు ఫెస్టస్. ఎన్నాళ్లుంటే మనిషి ఈ ఊరిదవుతుంది?"

"అదీ... ఇంకొంతకాలం చూడాలి," అని గొణిగాడతను.

పెట్టెలో ఉన్నామె ఆ ఊరొచ్చి అప్పటికి నాలుగు వేల ఏళ్లు.