గుమ్మంలో రెండు ఆకులు

తుమ్మచెట్టు మీద ఉడత అక్కాచెల్లెళ్లకు ఒకటే గూడు. అందులో ఇంకా కళ్లు తెరవని కూనలు. రెండూ ఒకేసారి దూరి పీచు సర్దితే గూడు అడుగు ఊడుతుంది. అందుకని ఓ కట్టుబాటు పెట్టుకున్నాయి. లోపలికి వెళ్లేముందు గుమ్మంలో ఆకు పెట్టాలి. ఆకు కనిపిస్తే రెండోది ఆగాలి.

అయినా ఓ పొద్దున రెండూ లోపలే తేలాయి. అడుగు జారి ఓ కూన గాల్లో వేలాడింది. అక్క గబుక్కున అందుకోబట్టి బతికింది.

"ఆకు పెట్టకుండా దూరావేమే?" అంది అక్క.

"నేను పెట్టాను. నువ్వే పెట్టలేదు!"

ఆ గొడవేంటో చూద్దామని తొండ పైకి పాకింది. గుమ్మంలో ఆకులు రెండున్నాయి.

"ఇద్దరూ పెట్టారే! మరి ఎందుకు దూరారు?"

"నేను చూసినప్పుడు ఆకు లేదు మావా. అప్పుడే వెళ్లి ఆకు తెచ్చి, మళ్లీ చూడకుండా పెట్టి దూరా," అంది అక్క.

"నేనూ అంతే," అంది చెల్లెలు. "ఇకనుంచి పెట్టేముందు మళ్లీ చూస్తాలే."

తొండ తల ఆడించడం ఆపేసింది. "మళ్లీ చూసి, పెట్టేలోపు అక్క పెట్టేస్తే?"

అక్క గుమ్మంలోని ఆకులు రెండూ తీసి పడేసింది.

తొండ ఓ ఈక తెచ్చి గుమ్మం పక్క ముల్లుకు గుచ్చింది. "ఇది ఒక్కటే ఉంటుంది. నోటికి అందినవాళ్లే లోపలికి. బయటికి రాగానే మళ్లీ గుచ్చాలి."

మర్నాడూ రెండూ ఒక్కసారే వచ్చాయి. రెండూ ఈక మీదికి దూకాయి. అక్కకు దక్కింది. చెల్లెలు మూతి ముడుచుకుని కొమ్మ మీదే కూర్చుంది.

లోపల కూనలు నిద్ర లేవనేలేదు.