సైదున్నీసా రాసిన రోజులు

"ఆ పేజీ కాదమ్మా, ఇంగొంచెం వెనక్కి తిప్పు. పెన్న పొంగిందని ఆడుంటాది," అన్నాడు అబ్దుల్ సత్తార్, డైరీ వైపు చూడకుండానే.

శ్రుతి తిప్పింది. నిజంగానే ఉంది. 'ఏటి నీళ్ళు వీధిలోకి వచ్చినాయి. పిల్లోళ్ళను తీసుకోని పక్కింటి రహమత్‌బీ మిద్దె మింద పండుకున్నాం. పెద్దమ్మికి జలుబు.' అంతే, మూడు ముక్కలు.

శ్రుతి ప్రొద్దుటూరులో డ్రాయింగ్ టీచరు. జమ్మలమడుగు పాత రోజుల్ని బొమ్మలుగా వేసి పుస్తకం తేవాలని ఏడాదిగా తిరుగుతోంది. పాత ఫొటోలు దొరికాయి గానీ అన్నీ పెళ్ళిళ్ళు, సన్మానాలే. మామూలు మనుషుల మామూలు రోజు ఎలా గడిచిందో చెప్పేది ఒక్కటీ లేదు. ఆ మాటే క్లాసులో అంటే, ముస్కాన్ అనే అమ్మాయి లేచి, "మా నానీ రోజూ డైరీ రాస్తాది మేడమ్" అంది. ఆ అమ్మమ్మ సైదున్నీసా, ఆమె భర్త సత్తార్ ఉండే ఇంటికే ఈ ఆదివారం బస్సెక్కి జమ్మలమడుగు వచ్చింది.

సైదున్నీసా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఎరువుల అంగడి వాళ్ళు ఏటా ఊరికే ఇచ్చే డైరీల్లో గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ వచ్చింది. ఆ రోజు కూర ఏంది, వాన పడిందా లేదా, ఇంటికి ఎవరొచ్చారు. పేజీల అంచులు నలిగి నలిగి పాత చీర కొంగులా మెత్తబడ్డాయి.

"మళ్ళీ మళ్ళీ చదువుకుంటారా చాచీ?"

"నేను రాసి మూసేస్తా. చదివేది ఆయనే." సైదున్నీసా ఉడకబెట్టిన శెనక్కాయల పళ్ళెం ముందుకు జరిపింది.

బొమ్మ వేయడానికి మూడు ముక్కలు చాలవు. నీళ్ళ రంగు కావాలి, మనుషులు ఎటు తిరిగి నిలబడ్డారో కావాలి. అవి సత్తార్ చెప్పాడు.

"నీళ్ళు ఎర్రగా ఉన్న్యాయమ్మా, మోకాళ్ళ దాంక. చిన్నోణ్ణి భుజాన ఎక్కించుకున్న్యా. వాడు నా నెత్తిన కొడతా, పడవ పడవ అని ఒకటే నవ్వు. అట్లనే బయటి మెట్లెక్కి మిద్దె మిందికి..."

"మెట్లు లోపల్నుంచి," అంది సైదున్నీసా మెల్లగా.

"ఆఁ, లోపల్నుంచే. ముసలోణ్ణయితి గదా, మతిమరుపు."

శ్రుతి నవ్వి, వేసిన మెట్లు చెరిపేసి మళ్ళీ వేసింది.

ఇంకో పేజీ. 'రంజాన్‌కు గుడ్డలు కొనేకి ప్రొద్దుటూరు పోయినాం. వచ్చేటప్పుడు చిన్నోడు బస్సులో నిద్రపోయినాడు.'

"నా ఒళ్ళోనే," అన్నాడు సత్తార్. "కొత్త చెప్పులు ఎదకు కరుచుకొని నిద్రపోయినాడు. ఎంత లాగినా ఇయ్యల్యా."

ఇంకొన్నేళ్ళ తర్వాతి డైరీలో పెద్దకూతురి నిఖా. 'పులివెందుల వాళ్ళు శానామంది వచ్చిరి. అన్నం చాలక మళ్ళా ఎసరు పెట్టినారు. పొద్దు గుంకక ముందే సాగనంపినాం.'

సత్తార్ గొంతు సవరించుకున్నాడు. "కారెక్కేటప్పుడు నా చొక్కా పట్టుకోని ఇడిసిపెట్టలేదమ్మా. అబ్బాజాన్, నువ్వు గూడా రా, అని ఏడుపు. ఒక్కొక్క వేలూ నేనే తీసినా..."

తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. సైదున్నీసా లేచింది. నీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, తాగేదాకా పక్కనే నిలబడింది.

శ్రుతికి వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. ఒకే ఇంట్లో ఉండి కూడా ఆమె ఏ తరగతో ఇంకొకరిని అడిగి తెలుసుకునేవాడు.

"చాచీ, చాచా ఇంత చేసినారు గదా, డైరీలో ఆయన పేరు ఒక్కచోట కూడా లేదే?"

"ఆయన చదివేకి రాసింది గదా పాపా. ఆయన సంగతి ఆయనకే ఏం రాస్తాం?"

సమాధానం శ్రుతికి ఎంత నచ్చిందంటే, అది పుస్తకం మొదట్లో వేయాలనుకుంది.

సాయంత్రం అసర్ నమాజుకు పిలుపు వినిపించింది. సత్తార్ టోపీ పెట్టుకుని, "వచ్చిందాంక పోవాకమ్మా, టీ తాగుదాం" అంటూ మసీదుకు బయల్దేరాడు.

శ్రుతి పెన్సిలు బొమ్మలు మూడూ సైదున్నీసా ముందు పరిచింది. నీళ్ళలో కొడుకును మోస్తూ సత్తార్. బస్సులో నిద్రపోయిన పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని సత్తార్. కారు దగ్గర కూతురి చేతివేళ్ళు విడిపిస్తూ సత్తార్.

సైదున్నీసా కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. శానాసేపు చూసింది. కారు దగ్గరి బొమ్మ మీద అరచేయి ఆనించి, "మనిషి అచ్చం అట్లే ఉండాడు," అంది. బొమ్మలు మూడూ ఒకచోట చేర్చి, "ఒక మాట పాపా. రేపు ఎవురన్నా వచ్చి ఏమన్నా చెప్తే, వీటిల్లోంచి ఆయన్ను చెరిపేయాకు."

"ఎందుకు చెరిపేస్తా చాచీ? పిల్లల్ని ఇంత బాగా చూసుకున్న మనిషిని?"

సైదున్నీసా వాకిలి వైపు చూసింది. సత్తార్ వీధి మలుపు తిరిగేదాకా ఆగింది.

"ఆ ఏండ్లన్నీ ఆయన కువైట్‌లో ఉన్న్యాడు పాపా."